మెట్టవీధి సంతృప్త పౌరురాలు

మా కమిషనర్ సర్వోత్తమరావు గారు ప్రజా సంబంధాల మీద శిక్షణ కోసం హైదరాబాదు వెళ్లి ఒక సంచీ, ఒక మెమెంటో, ఒక మాట పట్టుకుని తిరిగొచ్చారు. సంచీ భార్యకిచ్చారు. మెమెంటో బల్ల మీద పెట్టుకున్నారు. మాట మాత్రం తెచ్చి మా నెత్తిన పెట్టారు. ఆ మాట అడ్వర్టోరియల్.

మా అంటే పురపాలక సంఘం ప్రజా సంబంధాల విభాగం. విభాగమంటే నేనొక్కణ్ణే. జనన మరణాల కౌంటరు పక్కన నాకో కుర్చీ, బల్ల, కత్తెర ఉన్నాయి. పుట్టినవాళ్ల తాలూకు వాళ్లూ, పోయినవాళ్ల తాలూకు వాళ్లూ నా కుర్చీకే ఆనుకుని నిలబడతారు. అంతకుముందు ఒక పత్రికలో సబ్ ఎడిటర్‌గా ఉండేవాణ్ణి. మా జిల్లా ఎడిషన్ మూసేశాక ఇక్కడ కాంట్రాక్టు మీద చేరాను. రోజూ పొద్దున్నే పత్రికలన్నీ తిరగేసి, మమ్మల్ని తిట్టిన వార్తలు కత్తిరించి, ఎర్ర పెన్సిల్‌తో సున్నా చుట్టి, సంబంధిత విభాగానికి పంపడం నా పని. వాళ్లు దానికో ఫైలు తెరిచి వివరణ రాస్తారు. ఆ వివరణ ఎవరు చదువుతారో నాకు తెలియదు. నేనైతే చదవలేదు.

శిక్షణ నుంచి వచ్చిన మర్నాడే కమిషనర్ గారు అందర్నీ సమావేశపరిచారు.

"ప్రకటన అంటే మన గొప్ప మనం చెప్పుకోవడం. పాఠకుడు చూడగానే పేజీ తిప్పేస్తాడు. వార్త అంటే మన గురించి ఇంకొకడు చెప్పడం. అది మన నియంత్రణలో ఉండదు, తత్ఫలితంగా ప్రమాదకరం. అడ్వర్టోరియల్ అంటే, మన గొప్పని మనమే స్థలం కొనుక్కుని ఇంకొకరు చెబుతున్నట్టు చెప్పుకోవడం. ప్రపంచమంతా ఈ దిశగా పయనిస్తోంది," అన్నారు.

నీటి సరఫరా చూసే డి.ఈ. పట్టాభి గారు చెయ్యెత్తారు. ముప్పయ్యేళ్ల సర్వీసులో ఏ కాగితం మీదా ముందుగా సంతకం పెట్టని మనిషి ఆయన.

"దీనికి టెండర్లు పిలవాలాండి?"

"పట్టాభి గారూ, ఇది గొట్టం కాదు. దృక్పథం."

దృక్పథానికి టెండరు అక్కర్లేదని పట్టాభి గారు డైరీలో రాసుకున్నారు.

తర్వాత నన్ను గదిలోకి పిలిచి కమిషనర్ గారు రహస్యమంతా చెప్పారు. హెడ్డింగు చూస్తే మన పేరు కనపడకూడదట. సగం దాకా పాఠకుడికి పనికొచ్చే సంగతులే చెప్పాలట. అతను నమ్మి, కాస్త మెత్తబడ్డాక మన సేవ ప్రస్తావన వంటింట్లోకి పిల్లి వచ్చినట్టు చప్పుడు లేకుండా రావాలట. ఎవరో ఒక మామూలు మనిషి ఉండాలి, ఆ మనిషి ఫొటో ఉండాలి, ఫొటోలో నవ్వు ఉండాలి, నోట్లో కొటేషన్ మార్కుల మధ్య ఒక మాట ఉండాలి. చివర ఎక్కడో ఒక మూల 'ప్రకటన' అని చీమ తలకాయంత అక్షరాల్లో వేస్తే చట్టానికి దండం పెట్టినట్టే. ఇన్నేళ్లూ పత్రికలో పనిచేసిన నాకు ఇందులో కొత్తగా అనిపించింది కమిషనర్ గారి ఉత్సాహం ఒక్కటే.

"మొదటిది మెట్టవీధి నీళ్ల మీద రాయండి," అన్నారు.

మెట్టవీధి నీళ్ల కథ ఊరందరికీ తెలుసు. పేరుకు తగ్గట్టే అది మెట్ట. మామూలు కుళాయి నీళ్లు అక్కడిదాకా ఎక్కవు. ఆ వీధి కొసన, ఇంకా ఎత్తులో కమిషనర్ గారి బంగళా ఉంది. బంగళాకి విడిగా మోటారు, విడిగా గొట్టం ఉన్నాయి. ఆ గొట్టం మెట్టవీధి కిందనుంచే పోతుంది. మధ్యలో బంగళా వైపు ఒక వాల్వు, వీధి వైపు ఒక వాల్వు ఉన్నాయి. వీధి వాల్వు తిప్పితే వీధికి నీళ్లొస్తాయి, కానీ బంగళాకి ఎక్కవు. ఇది అందరికీ తెలిసిన సంగతే కాబట్టి ఎవరూ మాట్లాడరు. మాటిమాటికీ పత్రికలో వార్త వచ్చేది, నేను సున్నా చుట్టేవాణ్ణి, పట్టాభి గారు వివరణ రాసేవారు. ఈలోపు తాత్కాలిక ఏర్పాటు కింద ఒక ట్యాంకరు వచ్చి వీధి మొదట్లో ఆగేది.

ఆ మలుపులోనే అచ్చియమ్మ టిఫిన్ కొట్టు. ఇడ్లీ, పెసరట్టు, అల్లప్పచ్చడి. ట్యాంకరు నీళ్లతోనే పప్పు నానబోసుకోవాలి, రుబ్బుకోవాలి, ప్లేట్లు కడుక్కోవాలి. మొగుడు పోయాక ఇద్దరు కూతుళ్ల చదువూ ఆ పెనం మీదే నడుస్తోంది.

నేనూ, ఫొటో స్టూడియో కొండలరావూ పొద్దున్నే వెళ్లాం. అచ్చియమ్మ ఇత్తడి బిందెతో ట్యాంకరు నీళ్లు పట్టుకొస్తోంది. ఆమెను ఎండిపోయిన కుళాయి పక్కన నిలబెట్టాం. పేపర్లో కొట్టు కూడా పడుతుందని కొండలరావు చెప్పేసరికి చక్కగా నవ్వింది. ఏమైనా చెప్పమ్మా అన్నాను.

"ఏం చెప్పనండి. కుళాయిలో నీళ్లెప్పుడొస్తాయండి బాబూ?" అంది.

మర్నాడు ఆదివారం సంచికలో వచ్చింది. "పొద్దున్నే గ్లాసుడు నీళ్లు: పెద్దలు ఎందుకు చెప్పేవారు?" అని హెడ్డింగు. సగం దాకా జీర్ణశక్తి గురించీ, చర్మకాంతి గురించీ రాశాను. ఆ తర్వాత, ఈ సంగతి మెట్టవీధి అచ్చియమ్మకు ఎప్పుడో తెలుసు అని ఎత్తుకున్నాను. పక్కన ఫొటో, దాని కింద ఆమె మాట: "మా కుళాయిలో నీళ్లు ఎప్పుడైనా వస్తాయి." ఆమె అన్నదాంట్లో నేను మార్చింది చాలా తక్కువ. మా అత్తగారు అది చదివి అప్పట్నించీ పొద్దున్నే గ్లాసుడు నీళ్లు తాగుతోంది. అది ప్రకటన అని చెప్పినా నమ్మదు.

సోమవారం అలవాటుకొద్దీ దాన్నీ కత్తిరించాను. ఎర్ర సున్నా చుట్టే వార్త కాదు గనక ఏం చెయ్యాలో తోచక కమిషనర్ గారికి చూపించాను. ఆయన మురిసిపోయి జేబులోంచి ఆకుపచ్చ పెన్ను తీసి తానే సున్నా చుట్టారు. కింద ఒక నోట్ కూడా రాశారు: "ప్రతికూల వార్త ఆధారంగా ఫైలు తెరుచు సంప్రదాయము ఉన్నందున, అనుకూల వార్త ఆధారంగా అట్టి ఫైలు మూయుట సహజన్యాయము."

పట్టాభి గారు ఆ నోట్ చూసి కుర్చీలోంచి లేచి నిలబడ్డారు. ఆయన అలా లేవడం నేను ఎప్పుడూ చూడలేదు. మధ్యాహ్నానికల్లా మెట్టవీధి నీటి సమస్య ఫైలు మూసేశారు. సమస్య లేదు గనక ట్యాంకరు అవసరమూ లేదు. మా ఆఫీసులో దేన్నైనా ఇవ్వడానికి ఏళ్లు పడుతుంది గానీ ఆపడానికి ఒక పూట చాలు.

అచ్చియమ్మ ఆ వారంలోనే ఆఫీసుకొచ్చింది. చేతిలో ఖాళీ గిన్నె ఉంది. నేను పట్టాభి గారి గదిదాకా వెంట వెళ్లాను.

"బాబుగారూ, మా ఈధికి టేంకరు రావట్లేదండి. పప్పు నానబోయడానికి కూడా చుక్క లేదు. కొట్టు కట్టేసుకోవాలాండి?" అంది.

పట్టాభి గారు ఫైలు తెప్పించి, క్లిప్పింగు చూపించారు.

"అమ్మా, ఇది నువ్వే కదా?"

"ఆయ్. నేనేనండి."

"నువ్వు సంతృప్త పౌరురాలివి. రికార్డు ప్రకారం నీకు నీళ్లు వస్తున్నాయి. వస్తున్న నీళ్లను రప్పించడానికి నిబంధన లేదు."

"ఆ మాట నేను అన్లేదండి."

"అనకపోవచ్చు. అన్నట్టు ప్రచురితమైంది. ప్రచురితమైన దాన్ని ఖండించాలంటే ప్రచురణ ద్వారానే ఖండించాలి. నోటిమాటకి విలువ ఉండదు."

ఆమె నాకేసి చూసింది. నేను గోడ మీద ఉన్న వానాకాలం జాగ్రత్తల పోస్టరు చదువుతూ నిలబడ్డాను. అది నేను రాసిందే.

ఆమె పత్రికాఫీసుకి కూడా వెళ్లింది. అక్కడి యాడ్స్ మేనేజరు గిరిధర్ చాలా మర్యాదగా కూర్చోబెట్టి, వార్తకైతే ఖండన ఉచితంగా వేస్తామనీ, అది ప్రకటన గనక దానికి జవాబు కూడా ప్రకటనగానే ఇవ్వాలనీ, స్థలం ఎంత కావాలో చెప్పమనీ అడిగాడట. ఆ రోజు నుంచి అచ్చియమ్మ రైల్వే గేటు దగ్గర బోరింగు నుంచి రిక్షా మీద డ్రమ్ములతో నీళ్లు తెచ్చుకోవడం మొదలుపెట్టింది. పెసరట్టు ఆపేసి ఇడ్లీ ఒక్కటే వేసేది.

ఇక్కడ మా ఆఫీసుకి కొత్త ఊపు వచ్చింది. ఒక్క గొట్టమైనా వెయ్యకుండా ఒక ఫైలు మూయవచ్చని తెలిశాక ఇంజనీర్లకి గొట్టాల మీద ఆసక్తి పోయింది. రోడ్ల విభాగం వాళ్లు నా బల్ల దగ్గర వరస కట్టారు.

"గురువుగారూ, మార్కెట్ రోడ్డు గుంతల మీద ఓ అరపేజీ పడెయ్యండి. ఈ నెలాఖరుకి పూర్తి చేసేద్దాం," అనేవారు.

"నడకతో నడుముకి మేలు" అని రాసి మార్కెట్ రోడ్డు పూర్తి చేశాను. "చీకట్లో కళ్లకు విశ్రాంతి" అని రాసి వీధి దీపాలు పూర్తి చేశాను. దోమల మీద రాసినప్పుడు మాత్రం కొంచెం కష్టపడ్డాను. అందులో నవ్వుతున్న రిటైర్డు మేష్టారు ఫొటో తీసే వేళకి డెంగీ నుంచి అప్పుడే లేచారు. ఆ వీధిలో మందు కొట్టే బండి మర్నాడే ఆగిపోయింది.

జనం తెలివితక్కువ వాళ్లు కారు. ఏ వీధిలో నవ్వు పడితే ఆ వీధిలో పని ఆగిపోతోందని పసిగట్టారు. కొండలరావు కెమెరా మెడలో వేసుకుని సందులోకి తిరిగితే చాలు, ఆడవాళ్లు కొంగు మూతికి అడ్డం పెట్టుకునేవారు, మగవాళ్లు ఎవరో పోయినట్టు మొహాలు పెట్టేవారు. పాపం కొండలరావు పెళ్లిళ్ల ఫొటోలు కూడా తీస్తాడు. ఆ మాఘమాసంలో మా ఊళ్లో జరిగిన పెళ్లి ఆల్బం ఏది తెరిచినా తలంబ్రాలు పోస్తున్న పెళ్లికొడుకు దగ్గర్నించి వియ్యపురాలి దాకా ఒక్కరూ నవ్వరు.

దాంతో కమిషనర్ గారు ఒక సర్క్యులర్ ఇచ్చారు. "పట్టణమందు సంతృప్త పౌరుల కొరత ఏర్పడినట్లు గమనించడమైనది. ప్రతి బిల్ కలెక్టరు తన పరిధిలో కనీసం ఒక సంతృప్త పౌరుని గుర్తించి, నవ్వు సహితముగా హాజరుపరచవలెను." బిల్ కలెక్టర్లు ఊరంతా వెతికి, చివరికి మా ఆఫీసువాళ్ల ఇంట్లోవాళ్లనే హాజరుపరిచారు. అందులో పట్టాభి గారి అత్తగారు కూడా ఉన్నారు. ఆవిడ నవ్వు పత్రికలో పడ్డ మర్నాటి నుంచి పట్టాభి గారి వీధిలో చెత్త బండి రావడం మానేసింది. రికార్డు ప్రకారం అక్కడ చెత్త లేదు. పట్టాభి గారు ఆ మాట ఎవరికీ చెప్పుకోలేదు, చెత్త సంచీ టిఫిన్ బాక్సు పక్కన పెట్టుకుని ఆఫీసుకి తెచ్చుకునేవారు.

ఇలా ఉండగా మేం పంపిన క్లిప్పింగులన్నీ చూసి రాజధానిలో ఒక సంస్థ వాళ్లు మా పురపాలక సంఘాన్ని ఉత్తమ ప్రజా సంబంధాల పురస్కారానికి పరిశీలిస్తున్నారని కబురొచ్చింది. న్యాయనిర్ణేతలు స్వయంగా వచ్చి, మెట్టవీధి సంతృప్త పౌరురాలితో మాట్లాడతారట. అసలైన మనిషో కాదో చూసుకోవాలి కదా.

"వెళ్లి ఆవిణ్ణి సిద్ధం చెయ్యండి," అన్నారు కమిషనర్ గారు నాతో. "పేపర్లో అన్న మాటే మళ్లీ అంటే చాలు. మీ కాంట్రాక్టు రెన్యువల్ ఫైలు కూడా నా బల్ల మీదే ఉంది."

వెళ్లాను. అచ్చియమ్మ రుబ్బురోలు బోర్లించి దాని మీద కూర్చుని ఉంది. పొయ్యి వెలగలేదు. రిక్షావాడు రాలేదట. చిన్న కూతురు కాలేజీ మానేసి బట్టల షాపులో చేరతానంటోందని చెప్పింది. నాకు నిజంగా బాధేసింది. వచ్చిన పని చెప్పడానికి నోరు రాలేదు గానీ చెప్పాను.

ఆమె అంతా విని రుబ్బురోలు మీంచి లేచింది.

"బాబూ, మీరు రాసే ఆ కథనాలున్నాయి కదండీ, అవి ఎవరైనా రాయించుకోవచ్చాండి?"

"స్థలం కొనుక్కుంటే ఎవరైనా రాయించుకోవచ్చు."

"ఎవరి గురించైనా రాయించుకోవచ్చాండి?"

"పొగిడితే ఎవరి గురించైనా రాయించుకోవచ్చు. ఎవరూ కాదనరు."

"అయితే ఇనండి. మీరు నా నోట్లో ఓ మాట పెట్టేరు. దాన్ని మింగలేక కక్కలేక చస్తన్నాను. ఇప్పుడు కమీషనర్ గారి నోట్లో కూడా ఓ మాట పెట్టండి. ఆయన్ని తిట్టొద్దండి. బాగా పొగిడెయ్యండి. ఆ వచ్చేవాళ్ల దగ్గర మీరు చెప్పమన్నట్టే చెప్తాను."

ఆ ఏడాది మెట్టవీధిలో వినాయకచవితి పందిరి వెయ్యలేదు. ఆ చందా అంతా గిరిధర్‌కి కట్టి పత్రికలో పావుపేజీ తీసుకున్నారు. చిన్న మట్టి విగ్రహాన్ని అచ్చియమ్మ కొట్టులోనే పెట్టుకుని, నీళ్లు లేవు గనక పత్రి మాత్రం వేసి పూజ చేసుకున్నారు.

నేను రాయడానికి కూర్చున్నాను. వృత్తిలో మెళకువలన్నీ వాడాను. "మనిషికి నిజంగా ఎన్ని నీళ్లు కావాలి?" అని హెడ్డింగు పెట్టాను. సగం దాకా పొదుపు గురించీ, ఎడారి జనం జీవనం గురించీ చెప్పాను. ఆ తర్వాతే కమిషనర్ గారిని ప్రవేశపెట్టాను. తన బంగళాకి వెళ్లే నీళ్లను మెట్టవీధి ప్రజలకు వదిలేసిన అధికారి మన మధ్యనే ఉన్నారని రాశాను. మెమెంటో అందుకుంటున్న నవ్వు ఫొటో ఆఫీసులోనే ఉంది, అది వేశాను. కొటేషన్ మార్కుల మధ్య, "వీధి గొంతు తడవకుండా నా తోట తడవడం నాకు నచ్చదు," అని పెట్టాను. ఇన్నేళ్లలో నేను రాసిన వాటిల్లో నాకు బాగా నచ్చిన వాక్యం అదే. కింద మూలకి 'ప్రకటన' అని చీమ తలకాయంత వేయించాను. రాసినవాడి పేరు ఇలాంటివాటికి ఉండదు, అదో సదుపాయం.

న్యాయనిర్ణేతలు వచ్చే రోజు పొద్దున్నే అది అచ్చయింది. నేను కత్తిరించి, ఆకుపచ్చ సున్నా చుట్టి, స్వయంగా పట్టాభి గారికి పట్టుకెళ్లి ఇచ్చాను. ఆయన దాన్ని ఒకసారి చదివారు. పక్కనున్న చెత్త సంచీకేసి ఒకసారి చూశారు. తర్వాత, సర్వీసులో మొదటిసారి, ఎవర్నీ అడక్కుండా సంతకం పెట్టారు. ఫిట్టరు వెళ్లి బంగళా వైపు వాల్వు మూశాడు. మోటారు తిరుగుతోంది గనక ఆ నీళ్లు ఎటో ఒకటి పోవాలి కదా అని వీధి వాల్వు తెరిచాడు.

కాసేపటికి పట్టాభి గారి ఫోను మోగింది. ఆయన దాన్ని స్పీకర్లో పెట్టి బల్ల మీద పెట్టుకున్నారు.

"పట్టాభీ, నెత్తి మీద షాంపూతో నిలబడి ఉన్నానయ్యా. నీళ్లు ఆగిపోయాయి," అన్నారు కమిషనర్ గారు.

"సార్, రికార్డు ప్రకారం తమరు ఇచ్చేశారు. ఇచ్చేసిన నీళ్లను మళ్లీ ఇప్పించడానికి నిబంధన లేదండి."

"నేనెప్పుడిచ్చానయ్యా? నేనేం అనలేదు."

"అన్నట్టు ప్రచురితమైంది సార్. తమరు ప్రచురణ ద్వారా ఖండిస్తే ఆ క్లిప్పింగు మీద చర్య తీసుకుంటాను. ఎర్ర సున్నా చుట్టించమంటారా?"

అవతల ఫోను టక్కున పెట్టేశారు.

న్యాయనిర్ణేతలు తిన్నగా మెట్టవీధికే వచ్చారు. వాళ్ల పెద్దాయన చేతిలో ఆ రోజు పత్రికే ఉంది. అచ్చియమ్మ పారుతున్న కుళాయి పక్కన నిలబడి, ఒప్పుకున్నట్టే పేపర్లోని తన మాట మళ్లీ చెప్పింది. కమిషనర్ గారు తువ్వాలుతో తుడుచుకున్న తలతో, చెవి వెనకాల కొంచెం నురుగుతో వచ్చారు. పెద్దాయన ఆయన రెండు చేతులూ పట్టుకుని, తమ పోటీకి ఎన్నో కథనాలు వస్తాయి గానీ రాసిన మాట నిజమై కళ్ల ముందు పారడం చూడటం ఇదే మొదటిసారి అన్నారు. పురస్కారం అక్కడికక్కడే ప్రకటించారు. ఖండించాలంటే పురస్కారం వదులుకోవాలి. కమిషనర్ గారు ఒకసారి బంగళా వైపు, ఒకసారి పెద్దాయన వైపు చూశారు. కొండలరావు కెమెరా ఎత్తాడు. ఆయన నవ్వారు.

నా కాంట్రాక్టు రెన్యువల్ అయింది. పురస్కారం వచ్చిన కథనం రాసినవాణ్ణి తీసెయ్యడానికి వీల్లేదు కదా. ఇప్పుడు బంగళాకి రోజూ ట్యాంకరు వెళుతుంది, తాత్కాలిక ఏర్పాటు కింద.

ఆ రోజు అందరూ వెళ్లిపోయాక కొండలరావుకి ఒక్క ఫొటో మిగిలింది. అచ్చియమ్మ తన కుళాయి కింద అదే ఇత్తడి బిందె పెట్టి నిలబడింది. తిప్పగానే కుళాయి మళ్లీ సన్నగా వణికి, దగ్గి, తర్వాత ధారగా వదిలింది. నానబోసుకోవడానికి పెసలు పక్కనే పళ్లెంలో పెట్టుకుంది. కూతురు రెండో బిందె తీసుకుని వెనకాలే ఉంది.

"అమ్మా, ఇటు చూడు. ఇప్పుడైనా నిజంగా ఒక్క నవ్వు నవ్వు," అన్నాడు కొండలరావు.

అచ్చియమ్మ గబుక్కున కొంగు మూతికి అడ్డం పెట్టుకుంది.

"నవ్వమనకండి బాబూ. నీళ్లొస్తన్నాయి."